పొట్టకు ఏ ఆహార పద్ధతి నప్పుతుంది? ఏదైనా మానేసే ముందు పోల్చి చూడాల్సినవి

నెలల తరబడి పొట్ట ఉబ్బరం, గ్యాస్, మలబద్ధకం, విరేచనాలు వేధిస్తుంటే సలహాలకు కొదవుండదు. గోధుమ మానెయ్యమని ఒకరు, పాలు మానెయ్యమని ఒకరు, ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న మాత్ర) వేసుకోమని ఇంకొకరు. విసిగిపోయి అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టినవారికి కాస్త హాయి దొరకొచ్చు కూడా. చిక్కు అక్కడే ఉంది. ఏది పనిచేసిందో తెలియదు, తెలియదు కాబట్టి మానేసినవాటిలో దేన్నీ మళ్లీ ముట్టుకునే ధైర్యం రాదు. అలా ఏడాది తిరిగేసరికి పళ్లెంలో నాలుగైదు పదార్థాలే మిగిలి, పొట్ట మాత్రం మునుపటిలాగే ఉన్నవాళ్లు డైటీషియన్ల దగ్గరికి తరచూ వస్తుంటారు.

అందుకే ఈ పోలికలో రెండు ప్రశ్నలు పక్కపక్కనే పెట్టుకుందాం. ఈ పద్ధతి ఎంత ఉపశమనం ఇస్తుంది? అందుకోసం ఆహారంలోంచి ఎంత తీసేయాల్సి వస్తుంది? తక్కువ తీసేసే దారి ముందు, ఎక్కువ తీసేసేది తర్వాత. ప్రతి దారికీ ఒక గడువు, ఒకసారికి ఒక మార్పు. మంచి డైటీషియన్ చెప్పే సమగ్ర విధానంలో అసలు సరుకు ఈ వరసే. భోజన వేళలు, నిద్ర, వాడే మందులు, మనసు మీది ఒత్తిడి, టాయిలెట్‌లో కూర్చునే తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ వాటన్నిటినీ ఒకేరోజు మార్చేస్తే దాన్ని గందరగోళం అంటారు.

ఆహారం జోలికి పోకముందు

మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనాలు, వదలని వాంతులు, మింగడంలో ఇబ్బంది, జ్వరం, 50 ఏళ్ల చుట్టుపక్కల కొత్తగా మొదలైన మార్పు, దగ్గరి రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగు వాపు జబ్బు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పోలిక పక్కనపెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. పేగుల్లో వాపు ఉందా లేదా అన్నది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో చాలావరకు తేలుతుంది. అది తేలకుండా డైట్ మొదలుపెట్టడం చీకట్లో సూదికి దారం ఎక్కించడమే.

రెండో జాగ్రత్త గోధుమ విషయంలో. సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉందేమోనని చేసే రక్త పరీక్ష, గ్లూటెన్ తింటూ ఉన్నప్పుడే సరైన ఫలితం ఇస్తుంది. ముందే గోధుమ, బార్లీ మానేస్తే శరీరంలో యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. అప్పుడు కనీసం 6 వారాలు రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తిని, మళ్లీ పరీక్షకు వెళ్లాలి. గోధుమ మానేశాక హాయిగా ఉన్నవారికి ఈ ఆరు వారాలు నరకంగానే ఉంటాయి. పరీక్ష ముందు, మానడం తర్వాత అని డైటీషియన్లు పట్టుబట్టేది ఇందుకే.

మూడోది మందుల డబ్బా. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. మెట్‌ఫార్మిన్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు విరేచనాలు తెస్తాయి. పొట్ట సమస్య మొదలైన తేదీనీ మందు మొదలైన తేదీనీ పక్కపక్కన రాసి చూస్తే ఒక్కోసారి డైట్ అవసరమే ఉండదు. మందును సొంతంగా ఆపకూడదు. రాసిన డాక్టర్‌తో మాట్లాడితే మోతాదో రకమో మారుస్తారు.

ఇవి దాటాక రెండు వారాల డైరీ రాయాలి. తిన్నది, ఎంత తిన్నారు, ఎన్ని గంటలకు, ఎంతసేపట్లో, లక్షణం ఏమిటి, ఎప్పుడు మొదలైంది, 10కి ఎంత తీవ్రత, నిద్ర ఎన్ని గంటలు, మలం రకం ఏది. ఈ చివరి గడికి బ్రిస్టల్ పట్టిక ఉంది. 1997లో ప్రచురితమైన ఆ పట్టిక మలాన్ని 7 రకాలుగా విడదీస్తుంది. 1, 2 గట్టి ఉండలు. 3, 4 మామూలు. 5 నుంచి మెత్తబడుతూ 7కి నీళ్లు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు ఎన్నిసార్లు వెళ్లినా మామూలే. కాబట్టి "రోజూ అవడం లేదు" అన్న ఒక్క మాట మీద మలబద్ధకం అనుకోనక్కర్లేదు. డైరీ రాసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, లక్షణం రాగానే అంతకుముందు తిన్నదాని మీద నేరం మోపడం. పెద్దపేగులో పులిసి గ్యాస్ తయారు కావడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఉబ్బరానికి కారణం నిన్న రాత్రి భోజనం కావచ్చు. ఇంకొకటి, తిన్న అరగంటలో టాయిలెట్‌కు పరిగెత్తాల్సి వస్తే బయటకు వచ్చేది అప్పుడే తిన్నది కాదు. కడుపు నిండగానే పెద్దపేగు కదలడం సహజమైన ప్రతిచర్య, అది కొందరిలో మరీ చురుగ్గా ఉంటుంది.

మొదటి దారి: మామూలు సలహా

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, ఎందుకంటే ఇందులో కొత్తదనం లేదు. వేళకు తినడం, పూట తప్పించకపోవడం, నెమ్మదిగా నమలడం, రోజుకు 8 గ్లాసుల దాకా నీళ్లు లేదా కెఫీన్ లేని పానీయాలు, కాఫీ టీలు 3 కప్పులకు మించకుండా, సోడా పానీయాలూ మద్యమూ తగ్గించడం, పండ్లు రోజుకు 3 వంతులు (ఒక్కో వంతు సుమారు 80 గ్రాములు), విరేచనాలు ఉన్నవారు సార్బిటాల్ అనే తీపి పదార్థం కలిసిన చక్కెర లేని చూయింగ్ గమ్‌లకు దూరంగా ఉండటం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2008లో ఐబీఎస్‌కు (పేగులో వాపు లాంటి జబ్బు కనబడకున్నా నొప్పి, ఉబ్బరం, మలంలో మార్పులు వేధించే సమస్యకు) ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నవి ఇంచుమించు ఇవే.

అయితే 2015లో స్వీడన్‌లో 75 మంది ఐబీఎస్ రోగుల మీద 4 వారాలు ఒక పోలిక జరిగింది. సగం మందికి ఈ మామూలు సలహా, సగం మందికి తక్కువ ఫోడ్‌మ్యాప్ ఆహారం (కొన్ని రకాల పిండిపదార్థాలను తగ్గించే డైట్, వివరం కింద ఉంది). మెరుగుపడినవారు మొదటి బృందంలో 46 శాతం, రెండో బృందంలో 50 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంటెడు పదార్థాలు తీసేసే డైట్ ఇచ్చిన ఫలితమే, దాదాపు ఏమీ తీసేయని సలహా ఇచ్చిందన్నమాట. కనుక మొదటి 4 వారాలు ఇక్కడే పెట్టాలన్నది మా అభిప్రాయం.

ఇది విఫలమయ్యేది ఎక్కడంటే, "నేను అవన్నీ చేస్తున్నాను" అనే దగ్గర. డైరీ తీసి చూస్తే ఉదయం ఏమీ తినకుండా రెండు కాఫీలు, మధ్యాహ్నం ఎనిమిది నిమిషాల్లో భోజనం, రాత్రి పదిన్నరకు రోజు మొత్తం మీది పెద్ద పూట కనబడతాయి. గబగబా తింటే గాలి మింగుతాం. రాత్రి పెద్ద పూట తిని పడుకుంటే ఛాతీలో మంట. దానికి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు, మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు, ఎడమవైపు తిరిగి పడుకోవడం పనిచేస్తాయి. రెండు దిండ్లు పెట్టుకుంటే సరిపోదు. నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది.

రోజంతా కొద్దికొద్దిగా ఏదో ఒకటి నములుతూ ఉండటం కూడా ఉబ్బరానికి ఒక కారణం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి చిన్నపేగులో ఒక ఊడ్పు కదలిక సాగుతుంది. మిగిలిన తుక్కునూ సూక్ష్మజీవులనూ అది ముందుకు నెడుతుంది. ఏదైనా తినగానే ఆగిపోతుంది. పూటకూ పూటకూ మధ్య 3, 4 గంటలు వదలమనేది ఇందుకు. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు మాత్రం ఈ విరామాన్ని తమ డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

పీచు: పెంచాలా తగ్గించాలా అన్నది కాదు ప్రశ్న, ఏ పీచు?

"పీచు ఎక్కువ తినండి" అన్న సలహా విని ఉబ్బరం రెట్టింపు చేసుకున్నవారు ఎందరో. పీచులో కనీసం రెండు గుణాలు చూడాలి: నీటిలో కలిసి జిగురులా మారుతుందా, పెద్దపేగులో వేగంగా పులుస్తుందా. ఇసబ్గోల్ జిగురవుతుంది, తక్కువగా, నెమ్మదిగా పులుస్తుంది. కాబట్టి గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, నీళ్ల మలాన్ని కాస్త చిక్కబరుస్తుంది, గ్యాస్ తక్కువ. గోధుమ తవుడు ముతక పీచు, పేగు గోడను రాపాడుతుంది. ఇనులిన్ వంటివి చాలా వేగంగా పులిసి గంటల్లో గ్యాస్ తయారుచేస్తాయి. "అదనపు పీచు" అని ముద్రించిన బార్లలో తరచూ ఉండేది ఈ ఇనులినే, కొన్నిసార్లు షికోరీ వేరు పేరుతో.

2009లో నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగులకు 12 వారాలు రోజుకు 10 గ్రాముల ఇసబ్గోల్, లేదా తవుడు, లేదా ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. ఇసబ్గోల్ పనిచేసింది. తవుడు ఉత్తుత్తి మందు కంటే మెరుగు కాలేదు. పైగా లక్షణాలు పెరిగాయని తవుడు బృందంలో చాలామంది మధ్యలోనే మానేశారు. మలబద్ధకానికి తవుడు మొదటి మందు అనుకునే అలవాటు ఇంకా పోలేదు గానీ, నొప్పి, ఉబ్బరం కూడా ఉన్నవారికి అది తప్పు ఎంపిక.

వాడే విధానం: రోజుకు 3, 4 గ్రాములతో మొదలు. వారానికోసారి అంతే పెంచుతూ 10 గ్రాముల దాకా. ప్రతి మోతాదుకూ 250 మిల్లీలీటర్ల నీళ్లు, కలిపిన వెంటనే తాగేయాలి, పైన ఇంకో అరగ్లాసు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు అసలు వాడకూడదు. ఇతర మందులకు 2 గంటల ఎడం ఉండాలి, లేకపోతే వాటిని ఆ జిగురు పట్టి ఉంచుతుంది. మొదటి వారం ఉబ్బరం కొంచెం పెరగడం మామూలే. రెండో వారం కూడా తగ్గకపోతే వెనక్కి ఒక మెట్టు దిగి అక్కడే ఉండాలి.

మాత్రలూ పొడులూ వద్దనుకునేవారికి రోజుకు 2 కివీ పండ్లు, లేదా 50 గ్రాముల చొప్పున రెండుసార్లు ఎండు ప్లమ్‌లు. మలబద్ధకానికి రెండూ పరీక్షకు నిలిచినవే. తేడా ఏమిటంటే ఎండు ప్లమ్‌లలో సార్బిటాల్ ఉంటుంది, అదే పనిచేస్తుంది, అదే గ్యాస్ కూడా తెస్తుంది. ఉబ్బరం లేని మలబద్ధకానికి ప్లమ్‌లు, ఉబ్బరం ఉన్నదానికి కివీ. అవిసె గింజలు రోజుకు ఒక టేబుల్ స్పూన్ దాకా, నీళ్లతో.

పీచు ఎంత పెంచినా మలం కదలకుండా పొట్ట మాత్రం బిగుసుకుపోతుంటే పీచు మీద పీచు వేయడం ఆపాలి. ముక్కేటప్పుడు వదులు కావాల్సిన కటి కండరాలు కొందరిలో బిగుసుకుంటాయి. మలం మెత్తగా ఉన్నా చాలాసేపు కూర్చోవాల్సి రావడం, పూర్తిగా అవలేదన్న భావన దాని గుర్తులు. దానికి బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ (కండరాల కదలికను పరికరంతో చూస్తూ వదులు చేయడం నేర్చుకోవడం) కావాలి, డైట్ ఏమీ చేయలేదు. ఇంకొక మోసకారి పరిస్థితి: గట్టి మలం పేరుకుపోయి దాని పక్కనుంచి నీళ్లలాంటి మలం జారుతుంది. విరేచనాలనుకుని ఆపే మందు వేస్తే అసలు సమస్య ఇంకా బిగుస్తుంది.

టాయిలెట్ సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఉదయం తిన్న 20, 30 నిమిషాలకు, మోకాళ్లు నడుము కంటే ఎత్తులో ఉండేలా పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, ముందుకు వంగి, 10 నిమిషాలకు మించకుండా. ఫోన్ బయటే.

తక్కువ ఫోడ్‌మ్యాప్: పదునైన కత్తి

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్‌ల కృషితో 2005 నుంచి ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ఫోడ్‌మ్యాప్‌లంటే చిన్నపేగులో సరిగా ఒంటబట్టని పొట్టి గొలుసు పిండిపదార్థాలు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రుక్టాన్లు, శనగలు, రాజ్మా వంటి గింజల్లో గ్యాలక్టో ఒలిగోలు, పాలలో లాక్టోజ్, తేనె, మామిడి, ఆపిల్‌లో మిగులు ఫ్రుక్టోజ్, పుట్టగొడుగుల్లో మానిటాల్. వీటిలో కొన్ని చిన్నపేగులోకి నీటిని లాగుతాయి, కొన్ని పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఇది అందరి పేగుల్లోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవారి పేగు నరాలు అదే సాగుదలను నొప్పిగా చదువుతాయి, అంతే తేడా. కాబట్టి ఈ పదార్థాలు "చెడ్డవి" కావు. ఈ ఒక్క ముక్క అర్థమైతే తర్వాతి అపోహలు సగం పోతాయి.

మూడు దశలు. మొదటిది తగ్గింపు, 2 నుంచి 6 వారాలు. రెండోది తిరిగి పరీక్షించడం, 6 నుంచి 8 వారాలు. మూడోది ఎవరి పట్టిక వారికి. సుమారు సగం నుంచి మూడొంతుల మందికి మొదటి దశలో ఉపశమనం వస్తుంది, సాధారణంగా 4 వారాల లోపే. రాలేదా, ఆరో వారం తర్వాత పొడిగించకండి. మీ సమస్య ఫోడ్‌మ్యాప్‌లది కాదు, మునుపటి ఆహారానికి తిరిగి వెళ్లిపోవచ్చు.

ఉపశమనం వచ్చినవారే ఎక్కువగా దారి తప్పుతారు. హాయిగా ఉంది కదా అని రెండో దశకు వెళ్లరు. ఆ దశ లేకుండా నెలల తరబడి సాగితే పీచు, కాల్షియం తగ్గుతాయి, పేగులోని బిఫిడోబ్యాక్టీరియా తగ్గినట్టు పరిశోధనల్లో కనబడింది. బయట తినడం భయమవుతుంది. అసలు ఈ డైట్ ఒక పరీక్ష. పరీక్ష హాల్లోనే కాపురం పెట్టినట్టవుతుంది.

తిరిగి పరీక్షించేటప్పుడు ఒకసారికి ఒక గుంపు, ఒక పదార్థం. మూడు రోజులు పెంచుకుంటూ, తర్వాత 2, 3 రోజులు విరామం. లాక్టోజ్‌కు పాలు: మొదటి రోజు 60 మిల్లీలీటర్లు, రెండో రోజు 125, మూడో రోజు 250. ఫ్రుక్టోజ్‌కు తేనె: ఒక టీస్పూన్, రెండు, ఒక టేబుల్ స్పూన్. వెల్లుల్లి: పావు రెబ్బ, అర రెబ్బ, ఒక రెబ్బ. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ మూడింటిలోనూ ఫ్రుక్టాన్లే ఉన్నా మూడింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే మోతాదులు వేరు. ఒక గుంపు ఇబ్బంది పెట్టలేదని తేలినా, మిగతా పరీక్షలు పూర్తయ్యేదాకా దాన్ని మళ్లీ తీసేసి ఉంచాలి. లేకపోతే రెండూ కలిసి గీత దాటినప్పుడు నేరం ఎవరిదో తెలియదు. నెలసరి రోజుల్లో, ప్రయాణాల్లో, నిద్ర లేని వారంలో పరీక్షలు పెట్టుకోకూడదు. ఆ రోజుల్లో పేగు ఎటూ చిరచిరలాడుతుంది.

ఫలితం అవును-కాదుల్లో రాయకూడదు, మోతాదులో రాయాలి. "పాలు పడవు" అన్నది పనికిమాలిన వాక్యం. "125 మిల్లీలీటర్లు పడతాయి, 250కి ఉబ్బరం" అన్నది పనికొచ్చే వాక్యం. లాక్టోజ్ సరిగా అరగనివారిలో కూడా ఎక్కువమంది 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలలో ఉండేంత, భోజనంతో కలిపి తట్టుకోగలరు. లాక్టోజ్ తీసేసిన పాలు, గట్టి చీజ్ ఉండగా పాల పదార్థాలన్నీ మానేయడం కాల్షియాన్ని ఊరికే వదులుకోవడం.

వంటింట్లో పనికొచ్చే కిటుకులు కొన్ని. ఫ్రుక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే వెల్లుల్లిని నూనెలో వేయించి రెబ్బలు తీసిపారేస్తే రుచి మిగులుతుంది, సమస్య పోతుంది. అదే రెబ్బలను పులుసులో ఉడికించి తీసేస్తే ఫ్రుక్టాన్లు పులుసులోనే ఉండిపోతాయి. ఈ నూనెను ఏ పూటకాపూట చేసుకోవడం మంచిది. వెల్లుల్లి నానిన నూనెను బయట నిల్వ ఉంచితే బోటులిజం విషం తయారయ్యే ముప్పుంది. ఉల్లికాడల్లో పచ్చభాగం వాడొచ్చు, తెల్ల గడ్డ వద్దు. అరటిపండు గట్టిగా ఉన్నప్పుడు ఫోడ్‌మ్యాప్ తక్కువ, బాగా మాగితే ఎక్కువ. డబ్బా శనగలను నీళ్లు ఒంపేసి కడిగితే వాటి పిండిపదార్థాల్లో కొంత నీళ్లతో పోతుంది. తక్కువ ఫోడ్‌మ్యాప్ పదార్థాలే అయినా ఒకే పూటలో నాలుగైదు కుప్పపోస్తే మొత్తం మోతాదు పెరిగిపోతుంది. "పట్టికలో ఉన్నవే తిన్నా, అయినా ఉబ్బింది" అన్న ఫిర్యాదుకు ఇది మామూలు కారణం. కారం, కొవ్వు, కాఫీ ఫోడ్‌మ్యాప్‌లు కావు. అవి ఇంకో తోవలో పేగును రెచ్చగొడతాయి కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపకండి.

ఎవరు దీని జోలికి పోకూడదు? బరువు తక్కువ ఉన్నవారు, తిండి గురించి భయమో అతి పట్టింపో ఇప్పటికే ఉన్నవారు, గతంలో ఈటింగ్ డిజార్డర్ వచ్చినవారు. పిల్లలు, గర్భిణులు డైటీషియన్ పక్కన లేకుండా చేయకూడదు. వీరికి మెత్తని రకం ఒకటి ఉంది: అన్నీ తీసేయకుండా డైరీలో ఎక్కువగా కనిపించిన ఒకటి రెండు గుంపులు, ఎక్కువసార్లు ఉల్లి-వెల్లుల్లి-గోధుమ లేదా పాలు, 3 వారాలు తగ్గించి చూడటం. నిజానికి తొందర లేని ఎవరికైనా ముందు ఈ మెత్తని రకమే చెప్పవచ్చు.

సప్లిమెంట్లు, కిట్లు

ప్రోబయోటిక్‌ల మీద పెద్ద సంఘాలే ఒక్క మాట మీద లేవు. అమెరికాలోని జీర్ణవ్యవస్థ నిపుణుల సంఘం 2020లో, ఐబీఎస్‌కు వీటిని పరిశోధనల్లో తప్ప వాడవద్దంది. బ్రిటన్ సంఘం 2021లో, 12 వారాల వరకు ప్రయత్నించి ఉపయోగం లేకపోతే ఆపేయవచ్చంది. రెంటినీ కలిపి చదివితే తేలేది: మొదటి ఎంపికగా వద్దు, కావాలనుకుంటే గడువు పెట్టుకుని వాడవచ్చు. డబ్బా మీద జాతి పేరు మాత్రమే కాక స్ట్రెయిన్ (జాతిలోని ఉపరకం) పేరో అంకో ఉండాలి. ఒక స్ట్రెయిన్‌కు వచ్చిన ఫలితం పక్కదానికి వర్తించదు. కనీసం 4 వారాలు ఒకే రకం, ఒకే మోతాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, నరంలో పొడవాటి గొట్టం పెట్టించుకున్నవారు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు.

పులిసిన ఆహారం సంగతి? 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 36 మంది ఆరోగ్యవంతులను రెండు బృందాలు చేసి చూశారు. పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాల పానీయం, పులియబెట్టిన కూరగాయలు ఎక్కువ తిన్నవారిలో పేగు సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. పీచు పెంచిన బృందంలో ఆ పెరుగుదల కనబడలేదు. ఆసక్తికరమే, కానీ వాళ్లు రోగులు కారు. ఈ ఫలితాన్ని ఐబీఎస్‌కు చికిత్సగా అమ్మేవారి మాట నమ్మనక్కర్లేదు. పెరుగు పడేవారు తినొచ్చు, అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత అరిగిస్తుంది కూడా.

ఎంజైముల్లో రెండే అర్థవంతం: పాలతో పాటు వేసుకునే లాక్టేజ్, శనగలు, రాజ్మా వంటి గింజల భోజనంతో వేసుకునే ఆల్ఫా గ్యాలక్టోసిడేజ్. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, ఉబ్బరం వచ్చాక వేసుకుంటే దండగ. పాంక్రియాస్ ఎంజైములు పాంక్రియాస్ జబ్బు తేలినవారికి మాత్రమే. పుదీనా జాతికి చెందిన పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్స్ నొప్పికి మంచి ఆధారం ఉన్నవే. పేగులో కరిగే పూత ఉన్నవి కొని, భోజనానికి అరగంట ముందు, నమలకుండా మింగాలి. నమిలితే ఛాతీలో మంట ఖాయం. ఇప్పటికే ఆ మంట ఉన్నవారికి ఇది తగదు.

ఐజీజీ రక్త పరీక్షతో "మీకు పడని 40 పదార్థాలు" అని ఇచ్చే నివేదికను డబ్బు పెట్టి కొనకండి. ఐజీజీ యాంటీబాడీలు మీరు ఏం తింటున్నారో చెబుతాయి, ఏం పడదో చెప్పవు. తరచూ తినేవే పట్టికలో పైన వస్తాయి. మలంలో సూక్ష్మజీవుల పటం ఇచ్చే కిట్లతో కూడా ఒక వ్యక్తికి డైట్ రాసే స్థాయి ఇంకా రాలేదు. జ్యూస్ డీటాక్స్‌ల మీద ఒక్క వాక్యం చాలు: వాటిలో మిగులు ఫ్రుక్టోజ్ దండిగా ఉంటుంది, ఉబ్బరం ఉన్నవారికి ఎదురు తిరుగుతుంది.

పళ్లెం బయట ఉన్న దారి

ఆహారంలోంచి ఏమీ తీసేయని దారి ఒకటుంది, దాన్నే ఆఖరున చెప్పడం అలవాటైపోయింది. పేగుకూ మెదడుకూ మధ్య నరాల సంభాషణను సరిచేసే చికిత్సలు. పేగుల కోసం రూపొందించిన హిప్నోథెరపీని 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్‌వెల్ బృందం పరీక్షించింది. 2016లో మోనాష్‌లోనే 74 మంది మీద హిప్నోథెరపీ, తక్కువ ఫోడ్‌మ్యాప్, రెండూ కలిపి అని మూడు బృందాలతో పోల్చారు. మూడింటిలోనూ సుమారు 70 శాతం మందికి మెరుగుదల వచ్చింది. ఫోడ్‌మ్యాప్ పుట్టింట్లోనే ఈ ఫలితం రావడం గమనించదగ్గది. అంటే నొప్పి మానసికమని కాదు. నరాల శబ్దం తగ్గిస్తే అదే గ్యాస్ తక్కువ బాధిస్తుంది.

ఎవరికి ముందు ఇది? తిండి ఏది మార్చినా లక్షణాలు మారనివారికి, పరీక్షలప్పుడూ ఉద్యోగ ఒత్తిడిలోనూ డైరీలో అంకెలు ఎగిసేవారికి, తిండి భయం ఉన్నవారికి. చికిత్సకులు అందుబాటులో లేకపోతే పొట్ట శ్వాసతో మొదలుపెట్టవచ్చు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద. 4 అంకెలు లోపలికి, 6 అంకెలు బయటికి. కదలాల్సింది కింది చెయ్యి. 5 నుంచి 10 నిమిషాలు, భోజనం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. సాయంత్రానికి పొట్ట పైకి పొంగి కనబడేవారిలో కొందరికి గ్యాస్ పెరగదు. భోజనం తర్వాత డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) కిందికి బిగిసి, పొట్ట ముందు కండరాలు వదులవుతాయి. వారికి ఈ శ్వాస డైట్ కంటే బాగా పనిచేస్తుంది.

ఏ లక్షణానికి ఏ దారి

మామూలు సలహా 4 వారాలు చేశాక కూడా మిగిలిన లక్షణాన్ని బట్టి రెండో అడుగు మారుతుంది. మలబద్ధకం ప్రధానమైతే ఇసబ్గోల్ లేదా కివీ. విరేచనాలు, నొప్పి అయితే ముందు లాక్టోజ్, కెఫీన్, సార్బిటాల్ చూసి, తర్వాత మెత్తని ఫోడ్‌మ్యాప్. ఉబ్బరం, గ్యాస్ అయితే మెత్తని ఫోడ్‌మ్యాప్, దానికి లొంగకపోతే పూర్తిది. నొప్పి ఒత్తిడితో పాటు పెరిగే రకమైతే హిప్నోథెరపీ లేదా పెప్పర్‌మింట్ నూనె. ఛాతీ మంటకు వేళలు, పడక ఎత్తు, బరువు ఎక్కువుంటే తగ్గడం. ఫోడ్‌మ్యాప్ దాని దారి కాదు. మిశ్రమ రకం, అంటే ఒకవారం గట్టి, ఒకవారం నీళ్లు, ఉన్నవారికి ఇసబ్గోల్ తక్కువ మోతాదులో స్థిరంగా సాగించడమే మేలు. ఆ రోజు లక్షణాన్ని బట్టి పీచు పెంచుతూ తగ్గిస్తూ పోతే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది.

డైటీషియన్‌ను ఎంచుకునేటప్పుడు

చాలా దేశాల్లో డైటీషియన్ అన్న పేరుకు చదువు, రిజిస్ట్రేషన్ అవసరం. న్యూట్రిషనిస్ట్ అన్న పేరును చాలాచోట్ల ఎవరైనా పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం అవమానం కాదు. మొదటి భేటీలో డైటీషియన్ అడిగే ప్రశ్నలు గమనించండి. హెచ్చరిక లక్షణాలు, సీలియాక్ పరీక్ష, మందులు, నిద్ర, మలం రకం అడిగారా, లేక పదిహేను నిమిషాల్లో అచ్చు వేసిన పట్టిక చేతికిచ్చారా? తీసేసినవి ఎప్పుడు తిరిగి తెస్తారో తేదీ చెప్పమనండి. చెప్పలేకపోతే, లేదా తన దగ్గరే సప్లిమెంట్లు కొనమంటే, ఇంకొకరిని వెతుక్కోవచ్చు. మీరు కూడా రెండు వారాల డైరీ, మందుల పేర్లు, పాత పరీక్షల కాగితాలు పట్టుకెళ్లండి. మొదటి భేటీలో సగం సమయం మిగులుతుంది.

రెండు, మూడు భేటీల తర్వాత చేతిలో ఉండాల్సింది ఒక కాగితం: ఏది ఎంత వరకు పడుతుంది, ఏది ఎంత దాటితే పడదు, లక్షణాలు తిరిగి వస్తే ముందు ఏం చూడాలి. తిరిగి రావడం మామూలే, కొన్ని నెలలకోసారి వస్తాయి. అప్పుడు నేరుగా ఉల్లి, గోధుమ మానేయకండి. ఒక వారం డైరీ రాయండి: కొత్త మందు, నిద్ర, పూట తప్పడం, తినే వేగం. ఆ తర్వాత కాగితంలోని మోతాదులు దాటాయేమో చూడండి. అవీ సరిగ్గానే ఉంటే అప్పుడు, ఒక గుంపు, రెండు వారాలు. పరీక్షించిన మోతాదులను ఏడాదికోసారి మళ్లీ చూసుకోవాలి. గత ఏడాది పడని పావు రెబ్బ వెల్లుల్లి ఈ ఏడాది పడొచ్చు.